నలభై మూడు మంత్రాల నోటుపుస్తకం

కానిస్టేబుల్ చేతిలో ఉన్న కాగితం కరుణకుమారి చేతిరాతలో ఉంది.

ముందు ఆమె దాన్ని గమనించలేదు. నర్సీపట్నం సర్కారు ఆసుపత్రిలో, ఆడవాళ్ళ వార్డు కిటికీ పక్కన మంచం మీద ఉన్న మనిషినే చూస్తూ నిలబడిపోయింది. ప్రతి గురువారం తమ వీధిలోకి వచ్చి వేళ్ళూ పొడులూ అమ్ముకునే జోగులమ్మే ఆ మనిషి అని పోల్చుకోవడానికి చాలాసేపు పట్టింది. మూతి వాచి ముక్కుతో కలిసిపోయింది. పెదవుల మధ్య ఎర్రబడ్డ దూది. రెండు మణికట్ల చుట్టూ తాడు ఒరుసుకున్న గీతలు. నిన్న గురువారం ఈమె రాలేదేమిటా అనుకుంది. జోగులమ్మని ఎవరో కొట్టారనీ ఆసుపత్రిలో పడేశారనీ పాలావిడ చెబితే, బడి విడిచిపెట్టగానే ఇలా వచ్చింది.

"ఎవరు కొట్టారండీ?" అని అడిగింది.

"చిల్లంగి కేసండి టీచరుగారూ," అన్నాడు కానిస్టేబుల్. చేతబడిని ఆ వైపు చిల్లంగి అంటారు. "రోలుగుంట అవతల ఊరండి. ఎవడో కుర్రోడు కామెర్లొచ్చి సచ్చిపోయాడు. ఈవిడే సేసిందని రాటకి కట్టేసి, రాయెట్టి ముందు పళ్ళు నాలుగూ రాలగొట్టేసేరు. పళ్ళు లేకపోతే మంత్రం పలకదంట మరి. కొట్టిందెవడంటే ఒక్కడూ నోరు మెదపడు. పైగా ఇది సూపిస్తన్నారు."

అప్పుడు కాగితం ఎత్తి చూపించాడు.

ఎర్ర సిరాతో శీర్షిక. దాని కింద స్కేలు పెట్టి గీసిన రెండు నీలం గీతలు. 'ప్రాణహరణం. దూరం: ముప్పై అడుగులు. కావలసిన వస్తువులు: ఏమీ లేవు. ఎదుటివాడి కళ్ళలోకి చూస్తూ ఆగు, ఆరు, రాలు అనాలి. ఫలితం: ఒళ్ళు పచ్చబడి ప్రాణం పోతుంది.' మడతల్లో ఏదో పొడి అంటుకుని ఉంది.

కరుణకుమారి పక్క మంచం చివర కూర్చుండిపోయింది. ఆ మంచం మీద పేషెంటు కాళ్ళు ముడుచుకుని చోటిచ్చింది.

"బయపడకండి, కాయితమే కదా," అన్నాడు కానిస్టేబుల్. "ఆవిడ కూతురు ఇంకా ఆ ఊళ్ళోనే ఉంది పాపం. రేపు శనివారం పంచాయితీ పెట్టి దాని సంగతి కూడా తేల్చేస్తారంట."

అది నేను రాసిందండీ అని ఆమె అప్పుడే చెప్పవలసింది. జోగులమ్మ కళ్ళు తెరిచి తన వైపే చూస్తోంది. కరుణకుమారి లేచి, వార్డు దాటి, మెట్లు దిగి, గేటు బయట సోడాబండి దగ్గర ఎండలో నిలబడిపోయింది. చెప్పులు లోపలే వదిలేసి వచ్చినట్టు కాళ్ళు కాలేదాకా తెలియలేదు.

*

ఇదంతా ఒక ఆట వల్ల వచ్చింది.

ఆ ఆట తెచ్చినవాడు యాజులు. హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఎనభై రెండులో విశాఖపట్నం వెళ్ళినప్పుడు పాత పుస్తకాల కొట్లో ఒక అట్టపెట్టె కొన్నాడు. ఎవరో ఓడ మనిషి దాన్ని అమ్ముకుని పోయాడట. అందులో ఒక ఇంగ్లీషు పుస్తకం, ఆరు పాచికలు ఉన్నాయి. నాలుగు ముఖాలది ఒకటి, ఎనిమిది ముఖాలది, పన్నెండు, ఇరవై. పిల్లలకి ఘనాకారాలు చూపించడానికి పనికొస్తాయని ఆయన పాచికల కోసమే కొన్నాడు. పుస్తకం తర్వాత చదివాడు. చదివి వారం రోజులు వేరే మాట మాట్లాడలేదు.

ఆట ఇలా ఉంటుంది. ఒకరు కథ చెబుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక మనిషి అయిపోతారు. "నువ్వు కోటగుమ్మం ముందు ఉన్నావు. లోపలినుంచి మూలుగు వినిపిస్తోంది. ఏం చేస్తావు?" అని కథ చెప్పేవాడు అడుగుతాడు. చేసేది నువ్వు చెప్పాలి. అది ఫలించిందో లేదో పాచిక చెబుతుంది. గెలవడమూ లేదు, ఓడడమూ లేదు. కథ వారం వారం సాగుతూ ఉంటుంది.

కరుణకుమారి అన్నయ్య జ్ఞానరాజు, యాజులు పక్కపక్క వాటాల్లో ఉండేవారు. అలా జ్ఞానరాజు కత్తి పట్టిన వీరుడయ్యాడు. బ్యాంకులో పనిచేసే భానుమూర్తి దొంగ అయ్యాడు. ఎలిమెంటరీ స్కూలు టీచరూ, చర్చిలో పాటలు పాడే పిల్లా అయిన కరుణకుమారి మంత్రగత్తె అయింది. ఆ మంత్రగత్తె పేరు సుగాత్రి. ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనాలు చేసి, వసారాలో చాప వేసుకుని సాయంత్రం దాకా ఆడేవారు. తల్లి దయావతి మధ్యమధ్య టీ ఇస్తూ, "ఇంకా ఆ కోటలోనే ఉన్నారా?" అని అడుగుతూ ఉండేది.

చిక్కల్లా మంత్రాలతోనే వచ్చింది. సుగాత్రికి చాలా మంత్రాలు తెలుసు. అవన్నీ ఇంగ్లీషు పుస్తకంలో ఒక్కొక్కటీ ఒక్కోచోట ఉన్నాయి. ప్రతిసారీ యాజులు కళ్ళజోడు సర్దుకుని పేజీలు తిప్పడం, అది ఎంత దూరం పనిచేస్తుందో వెతకడం, ఆ అర్థం మీద జ్ఞానరాజుతో వాదించడం.

"నువ్వు మంత్రం వేసేలోగా ఆ రాక్షసుడికి వయసైపోయి వాడే చస్తాడు," అన్నాడొకసారి భానుమూర్తి.

ఆ మాటకి కరుణకుమారికి రోషం వచ్చింది. దసరా సెలవుల్లో పుస్తకం ఎరువు తెచ్చుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, మంత్రాలన్నీ తెలుగులో రాసింది. పొడుగాటి నోటుపుస్తకాన్ని అడ్డంగా కోయించి అరచేతిలో ఇమిడేలా చేసింది. పేజీకి ఒక మంత్రం. పేరు, దూరం, కావలసిన వస్తువులు, అనవలసిన మాటలు, ఫలితం. గాయం మాన్పేది, దీపం లేకుండా వెలుగిచ్చేది, తలుపు బిగించేది, నిద్రపుచ్చేది. మొత్తం నలభై మూడు. ఇంగ్లీషులో మాటలు ఇవ్వని చోట తనే కల్పించింది. ఆగు, ఆరు, రాలు అన్నవి ఆమె సొంత మాటలే. అవి తట్టిన రోజు గర్వంగా కూడా అనిపించింది.

మొదట రాసినదాంట్లో కొట్టివేతలు ఎక్కువయ్యాయని ఇంకో పుస్తకంలో సాపు రాసుకుంది. ఆ మర్నాడే జోగులమ్మ వచ్చింది. ఎప్పటిలాగే, "పాత కాయితాలుంటే ఇయ్యమ్మా, పొట్లాలకి," అని అడిగింది. దయావతి పాత పేపర్లు తెచ్చిచ్చింది. కరుణకుమారి లోపలినుంచి ఆ చిత్తు పుస్తకం తెచ్చి, "మామ్మా, ఇది కూడా తీసుకో. కాయితం గట్టిది, పొడి కారదు," అని తనే బుట్టలో వేసింది.

*

ఆసుపత్రినుంచి తిన్నగా తన ఇంటికి వచ్చి ఆమె చెప్పింది విని యాజులు ముందు నవ్వాడు. తర్వాత ఆమె కాళ్ళకి చెప్పులు లేకపోవడం చూసి ఆపాడు.

"పళ్ళు రాలగొట్టారా?"

"నాలుగు."

"మన మంత్రం చూసి కొట్టారా?"

"పచ్చబడి అని రాశాను మాస్టారూ. మీరు పాలిపోయి అని చెప్పారు. నేనే పచ్చబడి అని రాశాను. ఆ అబ్బాయికి కామెర్లు."

యాజులు కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. లెక్కల్లో తప్ప దేనిలోనూ తొందరపడని మనిషి. ఆ రోజు మాత్రం చొక్కా గుండీలు పెట్టుకుంటూనే వీధిలోకి వచ్చేశాడు. ఇద్దరూ తిన్నగా పోలీసు స్టేషనుకి వెళ్ళారు. ఎస్సై మొత్తం విన్నాడు. వాళ్ళిద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు.

"పెద్దవాళ్ళు ఆడే ఆటా ఇది?" అన్నాడు చివరికి. స్టేట్‌మెంట్ రాయించుకుని, "కోర్టుకి ఇది చాలు. ఊరికి చాలదు. ఆ ఊరు మా మాట వినదు. రేపు మీరే వచ్చి చెప్పండి, కానిస్టేబుల్ని తోడిస్తాను," అన్నాడు.

ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. రోలుగుంటలో బస్సు దిగి, చెరకు తోటల మధ్యగా రెండు మైళ్ళు నడవాలి. శనివారం పదకొండు గంటలకి వాళ్ళు ముగ్గురూ వెళ్ళేసరికి రామకోవెల ముందు జనం పోగై ఉన్నారు. నడుమ నేల మీద జోగులమ్మ కూతురు తల మోకాళ్ళలో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె ముందు, చేతులతో ముట్టుకోకుండా కర్రలతో జరిపి తెచ్చినట్టు, ఆ చిత్తు పుస్తకంలో మిగిలిన పేజీలు ఉన్నాయి. కరుణకుమారి వాటిని చూసి నిలబడిపోయింది. గాయం మాన్పే మంత్రం పైకి కనిపిస్తోంది.

"ఈ రాత నాది," అంది. గొంతు ఆమెకే వినిపించలేదు. మళ్ళీ అంది. "ఈ పుస్తకం నేను రాసినది. జోగులమ్మకి చదువు రాదు. పొట్లాలు కట్టుకోమని నేనే ఇచ్చాను. ఇది ఒక ఆట."

ముందు వరసలోంచి ఇరవై ఏళ్ళ మనిషి లేచాడు. కొత్తగా గొరిగించుకున్న తల. చనిపోయిన కుర్రవాడి తమ్ముడు, మత్స్యలింగం.

"ఆటా?" అన్నాడు. "మాయన్న పెదబాబు పుల్లలాగ ఎండిపోయి, పసుపు పూసినట్టు అయిపోయి సచ్చిపోనాడు. అది ఆటా? ఆ ముసిల్ది ఇచ్చిన మందు పొట్లం ఇప్పితే ఈ కాయితం. ఒల్లు పచ్చబడి పేనం పోద్దని రాసుంది. మా మేనకోడలు సదివింది. ఇది ఆటా అమ్మా?"

యాజులు ముందుకు వచ్చి, సంచిలోంచి ఇంగ్లీషు పుస్తకం తీసి పైకెత్తాడు. అసలు పుస్తకం చూపిస్తే చిక్కు విడిపోతుందని ఆయన దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. అట్ట మీద బొమ్మ ఎలా ఉంటుందో ఆయన మరిచిపోయాడు. రెండు కొమ్ములూ, మంటలూ, నోట్లో మనిషీ ఉన్న రాక్షసుడు. జనం ఒక్కసారిగా నాలుగడుగులు వెనక్కి వేశారు. ఎవరో ఆడమనిషి పిల్లని కొంగుతో కప్పేసింది.

"ఇదిగో మూలపుస్తకం! దొరల దేశంనుంచి తెచ్చినారు!"

యాజులు పాచికలు కూడా తీశాడు. "ఇలా వేస్తాం, ఇరవై పడితే ఫలించినట్టు," అని చెప్పడం మొదలుపెట్టాడు. ఎంత చెబితే అంత పాడవుతోందని కరుణకుమారికి అర్థమైంది. కానిస్టేబుల్ లాఠీ సర్దుకున్నాడు.

"మాస్టారూ, ఆపండి," అంది. మత్స్యలింగం వైపు తిరిగింది. "మంత్రం నిజమైతే అంటే పని చెయ్యాలి కదా. నేను రాశాను, నాకు పళ్ళున్నాయి. ఇప్పుడే, మీ అందరి ముందూ అంటాను. ఈయన మీద అంటాను."

యాజులు పుస్తకం కింద పెట్టి ఆమె ఎదుట నిలబడ్డాడు. "అనమ్మా," అన్నాడు.

ఆమె ఆయన కళ్ళలోకి చూసింది. ఆ మూడు మాటలూ ఆదివారం మధ్యాహ్నాల్లో నవ్వుతూ, టీ తాగుతూ ఎన్నిసార్లు అందో లెక్కలేదు. ఇప్పుడు నాలుక కదల్లేదు. తను కల్పించిన మాటలే. అవి అబద్ధమని ఆ ఊరు మొత్తంలో తనకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అయినా ఒళ్ళంతా చెమట పట్టింది. ఇదేమిటి, నాకు కూడా భయమా అని ఆమె తన మీద తనే నివ్వెరపోయింది.

"ఆగు," అంది. "ఆరు. రాలు."

యాజులు రెప్ప వేశాడు. చెరకు తోట వైపునుంచి గాలి వచ్చింది. అంతే.

"ఆయన బేపనోరు," అన్నాడు మత్స్యలింగం. "గాయత్రి సేసుకున్నోరికి ఇయ్యి పట్టవు."

అవునంటే అవునన్నారు జనం. యాజులు ఏదో అనబోయాడు. అప్పుడు గుంపు పక్కకి జరిగింది. ఒక ముసలామె చేతులతో జనాన్ని తోసుకుంటూ వచ్చి, కరుణకుమారి కాళ్ళ ముందు నేల మీద చతికిలబడింది. నూనె లేని తల, ఎండిపోయిన కళ్ళు. చనిపోయిన పెదబాబు తల్లి సింహాద్రమ్మ.

"నా మీద అను," అంది.

"అమ్మా, లెగు!" అన్నాడు మత్స్యలింగం.

"నువ్వుండొరే. నా మీద అనమ్మా. నాకు ఏ గాయత్రీ తెలవదు. పనిసేసిందా, నా కొడుకు దగ్గరికెల్లిపోతాను. సెయ్యనేదా, ఆడు దేంతో పోనాడో నాకు తెలుస్తాది. అను."

కరుణకుమారి ఆమె ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది. అంత దగ్గరగా ఒక మనిషి కళ్ళు ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆ కళ్ళలో భయం లేదు. ఆశ ఉంది. నిజంగా చచ్చిపోవాలని కోరుకుంటోంది ఈ తల్లి. అది తెలిసేసరికి కరుణకుమారికి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే, ఒక్కో మాటా విడివిడిగా, అందరికీ వినపడేలా అంది.

సింహాద్రమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. ఒక పిల్లాడు దగ్గితే వాళ్ళమ్మ వాడి నోరు మూసింది. ఎంతసేపైందో ఎవరికీ తెలియలేదు. చివరికి ఆ ముసలామె కళ్ళు తెరిచి, తన చేతులు తను చూసుకుంది. అరచేతులు తిప్పి, మళ్ళీ తిప్పి చూసుకుంది.

"ఏటీ అవనేదు," అంది.

తర్వాత లేచి నిలబడింది. కొడుకు వైపు తిరిగింది.

"ఒరే మచ్చిలింగం! మరి ఆ ముసిల్దాని పళ్ళెందుకు రాలగొట్టినావురా?"

"అమ్మా!"

"నువ్వే కదురా రాయెత్తినావు! నేనొద్దొద్దంటే ఇన్నావా? ఇదిగో కానిస్టేబులు బాబూ, ఈడే. నా కడుపున పుట్టినోడే. దాన్ని కట్టి పట్టుకున్నోలు ఇద్దరు, ఆల పేర్లు కూడా సెప్తాను, రాసుకో."

మత్స్యలింగం ముఖంలో రక్తం లేదు. పారిపోవాలన్న ఆలోచన కూడా రాలేదు అతనికి. అమ్మ తన పేరు చెప్పిందన్న మాట ఇంకా చెవికి ఎక్కనట్టు, నోరు తెరుచుకుని ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. కానిస్టేబుల్ కూడా పేర్లు రాసుకోవడానికి జేబులోని పుస్తకం తీయడం మరిచిపోయాడు. అప్పటిదాకా తల ఎత్తని జోగులమ్మ కూతురు లేచి, ఎవరి వైపూ చూడకుండా, తన ఇంటి వైపు నడిచి వెళ్ళిపోయింది. జనం దారి ఇచ్చారు.

కరుణకుమారి తన పేజీలు ఏరుకుంటూ ఉంటే సింహాద్రమ్మ పక్కకి వచ్చింది. గొంతు తగ్గించింది.

"అమ్మా, పోనోల్ని మల్లా తెచ్చేది ఉందా ఇందులో?"

ఉంది. నలభై ఒకటో పేజీ. ఆమె చేతిలోనే ఉంది అది.

"ఉందమ్మా," అంది కరుణకుమారి. లేదని చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. "అది కూడా అబద్ధమేనమ్మా."

సింహాద్రమ్మ తల ఊపింది. "అవునులే. అది నిజమైతే ఇది కూడా నిజమే అవ్వాల కదా," అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

*

జోగులమ్మకి చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. ఆదివారం ఆరాధనకి వెళ్ళకుండా కరుణకుమారి గంజి పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళి, మంచం పక్కన నిలబడి అంతా చెప్పింది. ఆట సంగతి, పుస్తకం సంగతి, ఎర్ర సిరా సంగతి. ఆసుపత్రిలో మొదటి రోజే తెలిసినా నోరు విప్పలేక పారిపోయిన సంగతి కూడా దాచలేదు.

జోగులమ్మ విన్నంతసేపూ ఆమెనే చూసింది. మాట స్పష్టంగా రావడం లేదు. ఒక్కో అక్షరానికీ గాలి పోతోంది.

"నువ్వా?" అంది. "నువ్వు రాసినావా?"

"నేనే మామ్మా."

"సదువుకున్నదానివి. దాన్లో ఏటుందో ఒక్క ముక్క సెప్పి ఇవ్వొచ్చు కదే. సిల్లంగి రాతలని తెలిస్తే నేను ముట్టుకుందునా?"

అని గోడవైపు తిరిగిపోయింది. గంజి ముట్టుకోలేదు. సోమవారం కూడా ముట్టుకోలేదు. మంగళవారం దయావతి వెళ్ళి తినిపిస్తే తింది.

ఆ వారమంతా ఊళ్ళో ఈ సంగతే మాట్లాడుకున్నారు. పాస్టరుగారు వచ్చి, కోపగించుకోకుండానే, "మంత్రగత్తెగానా అమ్మా? నువ్వా?" అని మూడుసార్లు అడిగి, కొన్నాళ్ళు పాటలు పాడొద్దన్నారు. మత్స్యలింగాన్నీ ఇంకో ఇద్దరినీ రిమాండుకి పంపారు. ఆదివారాలు యాజులు వచ్చేవాడు, భానుమూర్తి వచ్చేవాడు. వసారాలో కూర్చుని టీ తాగి, వర్షాల గురించి మాట్లాడి వెళ్ళిపోయేవారు. ఆట ఆపేద్దామని ఎవరూ అనలేదు. ఆడదామని కూడా ఎవరూ అనలేదు.

ఆసుపత్రినుంచి పంపేశాక జోగులమ్మ ఆ ఊరికి తిరిగి వెళ్ళనంది. కూతురుతోపాటు నర్సీపట్నంలోనే, చెల్లెలి కూతురింట్లో ఉండిపోయింది. కరుణకుమారి బడి అయ్యాక రోజూ వెళ్ళి గుమ్మంలో కూర్చునేది. జోగులమ్మ పలకరించేది కాదు. పొమ్మనేది కూడా కాదు. పదిహేను రోజులు అలాగే గడిచాయి. ఒక సాయంత్రం ఆమె బియ్యంలో రాళ్ళేరుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"సింహాద్రమ్మ అన్నం తింటందా?"

కరుణకుమారికి ముందు అర్థం కాలేదు. "ఎవరు మామ్మా?"

"పెదబాబు తల్లి. ఆ గుంటడ్ని నా సేతుల్తోటే బయటికి తీసినాను. కాళ్ళడ్డం తిరిగిపోతే రెండు రోజులు దాని పక్కనే కూకున్నాను. ఇప్పుడు ఒక కొడుకు మట్టిలోన, ఒక కొడుకు జైల్లోన. దానికి ఎవులు వొండి పెడతన్నారు?"

కరుణకుమారి ఆ పళ్ళు లేని నోటి వైపు చూస్తూ ఉండిపోయింది.

"తెలియదు మామ్మా," అంది చివరికి.

"తెలవదేటి? ఎల్లి తెలుసుకుని రా. నేను ఎల్లలేను కదా."

శనివారం మధ్యాహ్నం కరుణకుమారి రోలుగుంట బస్సు ఎక్కింది. ఒళ్ళో క్యారేజీ పెట్టుకుంది. అందులో ఏం వండాలో, ఉప్పు ఎంత వెయ్యాలో జోగులమ్మే దగ్గర నిలబడి చెప్పింది.